ఆకురాయి ఎరగని పిస్టళ్ళు

ఒరేయ్ అబ్బాయ్, నువ్వు పిస్టళ్ళ గురించి మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండుతుందిరా. పబ్జీలో పీ1911 కనబడితే "ఓల్డ్ మోడల్, వేస్ట్" అని అక్కడే పారేసి ఇంకోటి ఏరుకుంటావు. దెబ్బ ఎంత గట్టిగా తగులుతుంది, మ్యాగజైన్లో ఎన్ని పడతాయి, ఈ రెండు ప్రశ్నలు తప్ప మూడోది రాదు నీ నోట. మా రోజుల్లో ఒక పిస్టలు చేతికొస్తే ముందు మ్యాగజైన్ తీసి, స్లైడు వెనక్కి లాగి, లోపల తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాత అడిగేవాళ్ళం. ఎవరు చేశారు? ఏ సంవత్సరం? లోపల తాళం ఎలా పడుతుంది, ఎలా వదులుతుంది? పేల్చే సంగతి ఆ తర్వాత. చాలాసార్లు ఆ మాటే రాకుండా పొద్దు గూకిపోయేది.

నేను సైన్యంలో ఆర్మరర్‌ని. తుపాకులు చెడిపోతే బాగుచేయడం నా ఉద్యోగం. మాది పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం. మా ఊళ్ళో సైన్యంలో చేరడం వింతేమీ కాదు, చేరకపోతేనే అడిగేవాళ్ళు. సికింద్రాబాదు ఈఎంఈ సెంటర్లో రిక్రూటుగా అడుగుపెట్టినప్పుడు మర్నాడే తుపాకీ చేతికిస్తారని ఉబలాటపడ్డాను. ఇచ్చిందేమిటయ్యా అంటే ఒక ఇనప దిమ్మ, ఒక ఆకురాయి. దాన్ని నాలుగు వైపులా సమంగా అరగదీయాలి. ఉస్తాదు ట్రై స్క్వేరు ఆనించి కిటికీ వైపు తిప్పి చూసేవాడు. సందులోంచి పిసరంత వెలుగు కనబడిందా, దిమ్మ తిరిగి నా చేతిలో పడేది, మళ్ళీ మొదటినించీ. అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, కాయలు కాశాక గానీ ఇనుము మాట వినలేదు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు మిషను చేస్తుందిట. చేస్తుంది, కాదనను. నా చేతికన్నా సమంగానే చేస్తుంది. కానీ దిమ్మ అరగదీయని కుర్రాడికి, ఒక పాత పిస్టలు స్లైడు మీద చెయ్యి వేసినప్పుడు అదెంత నున్నగా జారుతోందో, అలా జారడానికి ఎవడెంత చాకిరీ చేశాడో ఎలా తెలుస్తుంది?

ఇంతకీ మా కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో ఉండేది 9 ఎంఎం 1ఏ పిస్టలు. బెంగాల్లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసింది. "మన దేశీ పిస్టలే కదా" అని నువ్వు పెదవి విరుస్తావని తెలుసు. దాని వంశం ఏమిటో విను. జాన్ మోజెస్ బ్రౌనింగ్ అని ఉటా రాష్ట్రం ఆగ్డెన్ ఊరివాడు, తుపాకులు చేసే ఇంట్లో పుట్టినవాడు. 1920ల్లో ఫ్రెంచి సైన్యం ఎక్కువ తూటాలు పట్టే పిస్టలు కావాలంటే ఆ పని మీద కూర్చున్నాడు. తను అంతకుముందు చేసిన 1911 పిస్టల్లోని మంచి ఏర్పాట్లు తనే వాడుకోవడానికి లేదు, వాటి హక్కులు కోల్ట్ కంపెనీ చేతిలో ఉన్నాయి. 1926 నవంబరులో బెల్జియం లీజ్ పట్నంలో, ఎఫ్ఎన్ కంపెనీలో పని మీద ఉండగానే గుండె ఆగి పోయాడు. తూటాలు రెండు వరసల్లో ఎడాపెడా కూర్చునే మ్యాగజైన్ అంతకుముందే కుదిర్చింది అక్కడే పనిచేసే ద్యుడొన్నే సేవ్. పని ఆయన అందుకుని, 1928లో కోల్ట్ పేటెంట్ల గడువు తీరాక 1911 గుణాలు కూడా కలిపి, 1935కి పూర్తి చేశాడు. 13 తూటాలు. దాన్నే హై పవర్ అంటారు. ఇద్దరు మనుషులు, పన్నెండేళ్ళకు పైగా, ఒక్క పిస్టలు. ఇప్పుడు పన్నెండేళ్ళలో నువ్వు ఎన్ని ఫోన్లు మారుస్తావు?

జర్మన్లు బెల్జియం పట్టుకున్నాక సేవ్ ఇంగ్లండు చేరాడు. ఆ పిస్టలే కెనడాలో టొరంటోలోని జాన్ ఇంగ్లిస్ కంపెనీలో తయారైంది. ఆ కంపెనీ యుద్ధమయ్యాక బట్టలుతికే మిషన్లు చేసుకుంది. మన ఇషాపూర్ వాళ్ళు తీసుకున్నది ఆ ఇంగ్లిస్ నమూనానే. 1944, 45ల్లో చేసిన ఆ పిస్టళ్ళని కెనడా సైన్యం ఈ మధ్యదాకా మోసింది, తెలుసా? ముత్తాతకి ఇచ్చిన పిస్టలు మునిమనవడు నడుముకి కట్టుకోవచ్చన్నమాట. పాడైన ముక్క మార్చుకుంటూ, స్ప్రింగు అలిసిపోతే కొత్తది వేసుకుంటూ, నూనె రాసుకుంటూ. మీకు ఫోను గాజు పగిలితే ఫోనే మార్చేస్తారు.

కోత్‌లో మాకు "ఖోల్నా, జోడ్నా" ఉండేది. విప్పడం, బిగించడం. కళ్ళకి గంతలు కట్టి మరీ చేయించేవాళ్ళు. చిండీ గుడ్డ, నూనె సీసా, కింద పరిచిన దుప్పటి. దుప్పటి మీద ముక్కలు ఏ వరసలో పెట్టావో ఆ వరస వెనక్కి నడిస్తే పిస్టలు తయారు. అలా విప్పుతుంటే గాని తెలియదు, 1ఏలో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గరు ఎందుకు పనిచేయదో. ట్రిగ్గరు వెనకాల చిన్న మీట ఒకటి మ్యాగజైన్‌ని ఒరుసుకుంటూ ఉంటుంది. అది ఒరుసుకోబట్టే ట్రిగ్గరు కాస్త గరగరమంటుంది. "దాని ట్రిగ్గరు బాగాలేదు తాతయ్యా" అని మా మనవడు ఎక్కడో చదివినది అప్పజెప్పాడు. వాడు ఆ పిస్టలు జన్మలో ముట్టుకోలేదు. బాగాలేదని మాత్రం తెలుసు. ఎందుకు బాగాలేదో, ఆ మీట ఎవరి ప్రాణం కాపాడ్డానికి పెట్టారో అడిగితే నోరు లేదు.

1911 సంగతికి వద్దాం. దాన్ని అమెరికా సైన్యం తీసుకుంది 1911 మార్చి 29న. తీసుకునే ముందు 6,000 తూటాలు వరసగా పేల్చి చూశారు. గొట్టం కాలిపోతుంటే నీళ్ళలో ముంచడం, మళ్ళీ పేల్చడం. ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆ పరీక్ష జరుగుతుంటే బ్రౌనింగ్ అక్కడే ఉన్నాడు. 7 తూటాలే, .45 బోరు, ఖాళీగా ఉన్నా కిలో పైన బరువు. 1985లో బెరెటా వచ్చేదాకా ఆ దేశపు ఫౌజీ పిస్టలు అదే. అంతా విప్పాలంటే సంచీడు పనిముట్లు అక్కర్లేదు. పిడి చెక్కల మరలు పక్కన పెడితే, తీసిన ఒక ముక్కే ఇంకో ముక్క తీయడానికి పనిముట్టు అవుతుంది. అలా కుదిర్చాడాయన. కందకంలో, చీకట్లో, బురద చేతులతో ఉన్న సిపాయి ఆయన కళ్ళ ముందు ఉన్నాడు కాబట్టి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ 1911ఏ1లు ఎవరు చేశారో చెబితే నమ్మవు. అందరికన్నా ఎక్కువ చేసింది రెమింగ్టన్ ర్యాండ్, టైపు మిషన్ల కంపెనీ. రైల్వే సిగ్నళ్ళు చేసే కంపెనీ ఒకటి చేసింది. కుట్టు మిషన్ల సింగర్ కంపెనీ కూడా చేసింది, మన అమ్మమ్మలు తొక్కిన అదే సింగర్. వాళ్ళు చేసింది 500 మాత్రమే, 1941లో. ఇప్పుడు ఆ అయిదు వందల్లో ఒకటి బయటికొచ్చిందంటే అమెరికాలో పాత పిస్టళ్ళ పిచ్చివాళ్ళు ఆస్తులు అమ్ముకుని వస్తారు. ఎందుకంటావు? మామూలు 1911ఏ1 కన్నా అది దూరం కొడుతుందా? లేదు. ఒక కుట్టు మిషన్ల కార్ఖానా మనుషులు, పిస్టలు ఎన్నడూ చేయనివాళ్ళు, నీలిపూత దగ్గరనించి ప్రతి పనీ శ్రద్ధగా నేర్చుకుని చేశారు గనక. ఆ శ్రద్ధకే ఆ డబ్బు. ఇది నీకు అర్థమైతే మిగతాదంతా నేను చెప్పక్కర్లేదు. అర్థం కాదని నాకు తెలుసు గనక చెబుతాను.

లూగర్ చూశావా ఎప్పుడైనా? సినిమాలో జర్మన్ ఆఫీసరు చేతిలో చూసుంటావు. హ్యూగో బోర్షార్ట్ 1893లో చేసినదాన్ని గియార్గ్ లూగర్ సానబెట్టాడు. స్విస్ సైన్యం 1900లో తీసుకుంది, జర్మన్ సైన్యం 1908లో. దానికి మామూలు పిస్టళ్ళకి ఉన్నట్టు పైన స్లైడు ఉండదు. తూటా పేలగానే గొట్టమూ, దాని వెనక కీలూ కలిసి కాస్త వెనక్కి జరుగుతాయి. కీలుకి రెండు పక్కలా ఉన్న గుండీలు ఫ్రేము మీది ఏటవాలుకి తగిలి, మనిషి మోకాలు మడిచినట్టు ఆ కీలు పైకి లేస్తుంది. ఖాళీ గుల్ల ఎగిరిపోతుంది, కీలు చాచుకుంటూ కొత్త తూటాని లోపలికి తోస్తుంది. ఇదంతా రెప్పపాటులో. రెజిమెంటల్ మెస్సుల్లో, పాత యుద్ధాల్లో పట్టుకొచ్చినవి గాజు బీరువాల్లో ఉండేవి. శుభ్రం చేయడానికి అవి నా దగ్గరికొచ్చినప్పుడు నూనె రాయడం పది నిమిషాల పని. తిరిగి ఇవ్వడానికి మాత్రం సాయంత్రమయ్యేది.

లూగర్‌లో చిన్న చిన్న ముక్కల మీద కూడా నెంబర్లు కొట్టి ఉంటాయి. పిస్టలు నెంబరులో చివరి రెండంకెలు. ట్రిగ్గరు మీద, పక్క పలక మీద, వేలి గోరంత ముక్క మీద కూడా. ఎందుకంటే ఏ పిస్టలు ముక్కలు ఆ పిస్టలుకే ఆకురాయితో సరిచూసి అమర్చేవాళ్ళు. పక్క పిస్టలు ముక్క ఇందులో పెడితే పడితే పడుతుంది, లేకపోతే లేదు. సిపాయిలు పదిమంది ఒకే దుప్పటి మీద విప్పితే కలిసిపోకూడదని ఆ నెంబర్లు. ఇప్పుడు ప్రపంచంలో లూగర్లు సేకరించేవాళ్ళు భూతద్దం పెట్టుకుని మొదట వెతికేది వాటినే. ఒక్క ముక్క నెంబరు తేడా ఉందంటే ధర పడిపోతుంది. పాత లూగర్లలో ట్రిగ్గరు, సేఫ్టీ మీట లాంటి చిన్న ముక్కలు ఎండుగడ్డి రంగులో మెరుస్తాయి. ఉక్కుకి పదునుపట్టే వేడిలో తేలే రంగు అది. మిగతా ఒళ్ళంతా నీలి నలుపు. 1930ల చివర్లో పని తొందరయ్యేసరికి ఆ గడ్డి రంగు పోయింది, అంతా ఒకే పూత. చూశావా, తొందర అనే జబ్బు మీతో పుట్టలేదులే, అప్పటికే మొదలైంది. మీరు దాన్ని పెంచి పోషించారు, అంతే.

లూగర్‌కి బురద పడదు. దుమ్ము దూరితే అలుగుతుంది. తూటా కాస్త బలం తక్కువైతే కీలు పూర్తిగా లేవదు. ఆ మాట దాన్ని ప్రేమించేవాళ్ళే ముందు చెబుతారు. మా పెదనాన్న బర్మా యుద్ధంలో చూసొచ్చిన జపాను నంబూ పిస్టలు గురించి చెప్పేవాడు. దాని తోలు సంచీలో ఫైరింగ్ పిన్ను అదనంగా ఒకటి పెట్టుకునేందుకు జేబు కుట్టి ఉంటుంది. విరుగుతుందని వాళ్ళకి తెలుసు, అందుకే పెట్టారు. లోపం దాచకుండా, దానికి మందు కూడా పక్కనే కట్టిచ్చిన మనుషులు వాళ్ళు. ఇప్పటి కంపెనీ అయితే ఏం చేస్తుంది? కొత్త మోడలు కొనుక్కోమంటుంది.

మౌజర్ సీ96 అని ఇంకోటుంది. ఒబెర్న్‌డార్ఫ్‌లో మౌజర్ కార్ఖానాలో పనిచేసే ఫీడర్లే అన్నదమ్ములు ముగ్గురు చేశారు దాన్ని. మ్యాగజైన్ ట్రిగ్గరుకి ముందు ఉంటుంది, పిడి గుండ్రంగా ఉంటుంది, చేతికి ఒదగదు. అయినా లోపల చూడాలి. మొత్తం పిస్టల్లో మర ఒక్కటే, అదీ పిడి చెక్కలు పట్టుకోడానికి. మిగతావన్నీ ఒకదాంట్లో ఒకటి దూరి, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. మొదటిసారి విప్పితే తిరిగి బిగించడానికి తల ప్రాణం తోకకొస్తుంది. బిగించాక మాత్రం దాన్ని చేసినవాళ్ళకి దణ్ణం పెడతావు.

ఆ మౌజర్లకి మన దేశంలో ఉన్న చరిత్ర నీ పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం ఉంటే గొప్ప. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి ఓడలో వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్టళ్ళు, 46,000 తూటాలు మాయమయ్యాయి. కస్టమ్స్ నించి గోదాముకి ఎడ్లబళ్ళ మీద వెళ్తుంటే ఒక బండి దారి తప్పింది. తప్పించినవాడు ఆ కంపెనీ గుమాస్తాయే, శ్రీశ్ చంద్ర మిత్ర. ఏడాది తిరిగేసరికి, 1915 సెప్టెంబరు 9న, ఒడిశాలో బాలేశ్వర్ దగ్గర విప్లవకారుడు బాఘా జతీన్, ఆయనతో నలుగురు కుర్రాళ్ళు మౌజర్ పిస్టళ్ళతో పోలీసు బలగాన్ని ఎదుర్కొన్నారు. మౌజర్‌ని పెట్టుకునే చెక్క సంచీనే దాని పిడి వెనక తగిలిస్తే అది చిన్న తుపాకీ అవుతుంది, తెలుసా? ఆ రోజు తగిలిన గాయాలతో మర్నాడు జతీన్ చనిపోయాడు. ఆ నలుగురూ నీ వయసువాళ్ళు. ఆట కాదది.

ప్రయాగరాజ్‌లో అలహాబాద్ మ్యూజియం ఉంది. చంద్రశేఖర్ ఆజాద్ కోల్ట్ పిస్టలు అక్కడే ఉంది. 1931 ఫిబ్రవరి 27న ఆయన ప్రాణం వదిలిన పార్కులోనే ఆ మ్యూజియం. అది .32 బోరు, 1903 నమూనా, అదీ బ్రౌనింగ్ చేసినదే. జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తగులుకోకుండా హ్యామర్‌ని స్లైడు కింద దాచేశాడు, పైన ఎక్కడా కొక్కెం, ముల్లు ఉండవు. నేను వెళ్ళినప్పుడు చూశాను. కుర్రాళ్ళు వస్తారు, వీపు పిస్టలు వైపు తిప్పుతారు, ఫోను ఎత్తి నవ్వుతారు, పోతారు. వీపు తిప్పి చూడటమేమిట్రా! మా రోజుల్లో మ్యూజియంలో ఫోటో తియ్యనిచ్చేవాళ్ళు కాదు, కాబట్టి కళ్ళతో చూసేవాళ్ళం. నూనె మరకలు, చేతి చెమటకి వెలిసిన నీలిపూత, పిడి మీద అరిగిన గీతలు, అన్నీ మనసులో రాసుకుని ఇంటికొచ్చి కాయితం మీద బొమ్మ వేసేవాళ్ళం.

అరుగుదల అన్నాను కదా, అక్కడ నా గుండె మండే సంగతి ఇంకోటుంది. లైసెన్సు మీద తాతలనాటి .32 పిస్టళ్ళు ఉన్న ఇళ్ళు మన జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. 9 ఎంఎం, .45 మామూలు జనానికి నిషిద్ధ బోర్లు, అందుకే ఎక్కువమందివి .32లే. విదేశీవాటి దిగుమతి 1980ల్లో ఆగిపోయింది కాబట్టి ఉన్నవాటికే లక్షలు పలుకుతాయి. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పాలి, తిరిగొచ్చేసరికి నూనె ఆరిపోయి ఉంటుంది, ఆ బాధ వేరు. 2019లో చట్టం మార్చి ఒకరికి రెండే అన్నారు, మూడోది వదులుకోవాల్సొచ్చింది. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. మా బంధువుల ఇంట్లో ఒకడు తాతగారి వెబ్లీ స్కాట్‌ని, లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 1911లో తీసుకున్న రకాన్ని, తళతళలాడాలని నికెల్ పూత వేయించాడు! బఫ్ పట్టించి, అక్షరాలు చెరిపేసి, అంచులు గుండ్రం చేసి. బర్మింగ్‌హామ్‌లో ఎవరో పనివాడు పదును తేల్చిన అంచులు అవి. నేను చూసి నోట మాట రాక లేచొచ్చేశాను. పాత పిస్టలు మీద పూత ఒక్కసారే అసలుది. పోయాక ఎంత ఖర్చు పెట్టినా వేసేది రంగే. కొత్తొక వింత, పాతొక రోత అన్నారు గాని, రోత పుట్టించేది ఆ కొత్త పూతే.

ఇప్పుడు గ్లాక్ గురించి అడుగుతావు, అడుగు. మా బంధువుల కుర్రాడొకడు పోలీసు కమాండో, వాడి నడుముకి ఉంటుంది. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. చేసిన గాస్టన్ గ్లాక్ అంతకుముందు పిస్టలే చేయలేదు. ఫ్రేము ప్లాస్టిక్, 17 తూటాలు, సేఫ్టీ ట్రిగ్గర్లోనే. తేలిక, మన చెమటకి తుప్పు పట్టదు, తడిసినా బురద తగిలినా పనిచేస్తుంది. ఆ కుర్రాడు రాత్రి అడవిలోకి వెళ్ళేటప్పుడు నడుముకి ఏది ఉండాలని నన్నడిగితే అదే ఉండాలంటాను. లూగర్ కట్టుకెళ్ళమని చెప్పేంత మతిలేనివాణ్ణి కాదు. పనికొచ్చేది వేరు, ప్రేమించేది వేరు. ఆ తేడా చెరిగిపోవడమే నా బాధ. గ్లాక్ లోపల చూడ్డానికి ఏముంది? ముక్క పోతే డబ్బాలోంచి ముక్క తీసి పెడతాం, సరిపోతుంది. సరిపోతుందనేదే దానికి గొప్ప, నాకు కొరత. ఆర్మరర్‌తో దానికి పని లేదు.

చివరికి ఎఫ్ఎన్ వాళ్ళే 2018కల్లా హై పవర్ చేయడం ఆపేశారు. జనం గోల పెట్టారు. 2022లో అదే పేరుతో మళ్ళీ వదిలారు. సంతోషించాను, చదివేదాకా. 17 తూటాలట, పాతదాని ముక్కలు దీనికి పట్టవట. పేరు తాతది పెట్టుకుని ఆస్తి మాత్రం వద్దనడం అది. 1911 మాత్రం ఇంకా పదుల కంపెనీలు చేస్తున్నాయి, వందేళ్ళు దాటినా. మంచి పని దానంతట అది పోదురా, మనం చూడటం మానేస్తేనే పోతుంది.

కాబట్టి నాయనా, నిన్ను పిస్టలు కొనమనట్లేదు, కాల్చమనట్లేదు. ఆ ఊసే వద్దు, ఆయుధం పట్టినవాణ్ణి గనకే చెబుతున్నాను. మీ అమ్మమ్మ సింగర్ మిషను అటక మీద ఉందిగా, ముందు అది దింపు. విప్పు. ముక్కలు దుప్పటి మీద వరసగా పెట్టు. నూనె రాసి తిరిగి బిగించు. అది కుట్టిందా, అప్పుడు రా నా దగ్గరికి, 1911 లోపల ఏముందో కాయితం మీద గీసి చూపిస్తాను. వీడియో చూసి నేర్చుకుంటానంటావేమో, చూసుకో. ఆకురాయి పట్టిన బొబ్బలు వీడియోలో రావు.